ఒక దెబ్బకి ఫ్యాను, రెండు దెబ్బలకి లైటు

తొమ్మిదిన్నరకి వస్తానన్న మేస్త్రీ తొమ్మిదింటికే దిగబడ్డాడు. ఏదైనా కట్టమంటే ఇదిగో రేపు, అదిగో ఎల్లుండి అని నెలల తరబడి మొహం చాటేసే మనిషి, పడగొట్టమనేసరికి అరగంట ముందే ప్రత్యక్షం. చొక్కా విప్పి తలుపు గడియకి తగిలించి, సుత్తి పిడితో గోడని అక్కడా ఇక్కడా తట్టి, తల వంచి విని, "ఇది బరువు మోసే గోడ కాదమ్మగారూ, ఉత్త అడ్డుగోడ. గంట, గంటన్నర పని" అన్నాడు. ఉత్త అడ్డుగోడట. ఇరవై ఒక్కేళ్లుగా నేను దేనికి వీపు ఆనించి నిలబడ్డానో అతనికేం తెలుసు, వెర్రిబాగులవాడు. మా అమ్మాయి నా కుట్టుమిషను మీద పాత దుప్పటి కప్పి, నాలుగు కొసలూ కింద దోపి, నా వైపు చూడకుండానే, "నువ్వు వంటింటి గడపలో కూర్చో అమ్మా, దుమ్ము" అంది. కూర్చున్నాను. దానితో నాకు వాదన పడదు. బళ్లో లెక్కలు చెప్పి చెప్పి, ఎవరితో మాట్లాడినా జవాబు కింద గీత గీసేసినట్టు మాట్లాడడం దానికి అలవాటైపోయింది. అవతల ముందు పడగ్గది తలుపు మూసి, కింద తడిగుడ్డ కుక్కి వచ్చింది, వాళ్ల నాన్నకి దుమ్ము తగలకూడదని. గుడ్డ దుమ్ముని ఆపుతుంది గానీ చప్పుడుని ఆపుతుందా? మొదటి దెబ్బ పడింది. నా పళ్లు జిల్లుమన్నాయి. ఆయనక్కూడా వినిపించే ఉంటుంది. నోరు పోయింది, కుడిపక్కంతా పోయింది, చెవులు మాత్రం నిక్షేపంలా ఉన్నాయని డాక్టరు చెప్పాడు. అన్నీ వినిపిస్తాయట, అన్నీ అర్థమవుతాయట. అదే కదా నా ఖర్మ.

నిన్న కరెంటు పనివాడు వచ్చి ముందు వైర్లు విప్పి వెళ్లాడు. నిచ్చెన మీద నిలబడి అటూ ఇటూ చూసి, నవ్వాపుకోలేక, "ఎవరండీ ఈ తెలివైన పని చేసింది? ఈ గది లైటుకి స్విచ్చి ఆ గదిలో ఉంది, ఆ గది ఫ్యానుకి స్విచ్చి ఈ గదిలో ఉంది!" అన్నాడు. "మా అమ్మా నాన్నా" అంది అమ్మాయి, నవ్వకుండా. పాపం, అతని నవ్వు అక్కడే ఆరిపోయింది. ఒకప్పుడు ఇదంతా ఒకటే హాలు. వీధి తలుపు పక్కన ఒక స్విచ్చిబోర్డు, వంటింటి గుమ్మం పక్కన ఇంకోటి. ముందు బోర్డులో వెనక ట్యూబులైటు, వెనక బోర్డులో ముందు ఫ్యాను. ఇల్లు ఒకటే అయినప్పుడు ఎవరికి పట్టింది? హాలు మధ్యన గోడ లేచాక తెలిసింది, ఆయన గాలి నా చేతిలోనూ నా వెలుతురు ఆయన చేతిలోనూ ఉండిపోయాయని. పావుగంట పని, ఎవర్ని పిలిచినా మార్చేసి పోయేవాడు. కానీ పిలవాలంటే అవతలి గదిలోకి ఆ మనిషిని రానివ్వమని అడగాలి. ఎవరు ముందు అడగాలి? నేనా? నా ప్రాణం పోయినా అడగను. ఆయనా? ఆయన పంతం ముందు నా పంతం చంటిపిల్ల. వారం రోజులు నేను చీకట్లో, ఆయన ఉక్కలో. ఎనిమిదో రోజు, కుట్టుపని ఆగిపోతోందని కడుపు మండి గోడ మీద రెండు గుద్దులు గుద్దాను. లైటు వెలిగింది. కాసేపటికి అటునుంచి ఒక దెబ్బ వినిపించింది. లేచి వెళ్లి ఫ్యాను వేశాను. అంతే, అదే చట్టమైపోయింది. ఒక దెబ్బకి ఫ్యాను, రెండు దెబ్బలకి లైటు. ఆగి ఉంటే వెయ్యాలి, వేసి ఉంటే ఆపాలి. ఇరవై ఒక్కేళ్లు మొగుడూ పెళ్లాలం మేం మాట్లాడుకున్నది ఇంతే.

మేస్త్రీ పై వరస నుంచి మొదలుపెట్టాడు. పైనుంచి కొట్టుకుంటూ రావాలట, కింద కొడితే గోడంతా ఒక్కసారిగా మీద పడుతుందట. "ఎందుకు కట్టారమ్మా దీన్ని? ఇంత మంచి హాలుకి గాలీ వెలుతురూ లేకుండా!" అన్నాడు. "గాలి మరీ ఎక్కువై" అన్నాను. నవ్వాడు. ఆయన కూడా ఇంతే, ఏ పనికైనా ఓ పద్ధతి. ప్లాన్లు గీసే ఉద్యోగం, ఆఫీసులో అందరూ స్కేలుబద్ద అనేవాళ్లు, ఎదురుగానే. మేం మాటామాటా అనుకున్న రోజు కూడా స్కేలుబద్ద పెట్టే గీశాడు. నేను రెడీమేడు బట్టల కొట్లో కుట్టుపనికి కుదిరి నెలైంది. కొట్టు యజమానికి డెబ్బై ఏళ్లు, రెండు కళ్లకీ శుక్లాలు, బటన్లు తడిమి చూసి రంగు అడిగేవాడు. ఆయన మీద అనుమానం మా వారికి! చెప్పుకుంటే సిగ్గుచేటు. "కొట్టు కావాలో ఇల్లు కావాలో తేల్చుకో" అన్నాడు. "రెండూ కావాలి" అన్నాను. అన్నదాన్ని అంతే, ఇంకో మాట జారలేదు. చెయ్యెత్తే మనిషి కాదు, అరిచే మనిషి కాదు. అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని, ఇద్దరం అలిసిపోయి ఏ పదింటికో అన్నం తినేవాళ్లం. అరవలేదు. తెల్ల కాగితం తీసి ఇంటి ప్లాను గీసి, మధ్యన అడ్డంగా ఒక గీత గీసి, టేబులు మీద పెట్టి ఆఫీసుకి వెళ్లిపోయాడు. నన్ను వెళ్లగొడితే నలుగురూ నవ్వుతారు, ఉంచుకుంటే తన మాట పోతుంది, గోడ కడితే రెండూ దక్కుతాయి. కిటికీలన్నీ తన వైపు వచ్చేలా గీసుకున్నాడు మహానుభావుడు. నాకు వంటిల్లూ, పెరడూ, పట్టపగలు కూడా లైటు వేస్తే గానీ సూదిలోకి దారం ఎక్కని ఈ సగం హాలూ.

అప్పటికి అమ్మాయికి తొమ్మిదేళ్లు. పడుకోవడం నా దగ్గర, చదువుకోవడం అక్కడ. పెరటి గుమ్మంలోంచి దిగి పక్క సందులోంచి వీధి గుమ్మానికి నలభై మూడు అడుగులని అదే లెక్కపెట్టి చెప్పింది. వాన పడితే పుస్తకాలు గౌను కింద దాచుకొని పరిగెత్తేది. అమ్మ ఈ కాగితం మీద సంతకం పెట్టమంది నాన్నా. నాన్న జ్వరం మాత్ర ఉందేమో అడగమన్నాడమ్మా. మాకు గోడ ఒక్కటే, దానికి గోడా సందూ రెండూ. ఒక రోజు సందు మధ్యలో ఆగిపోయి, అటూ పోలేదు ఇటూ రాలేదు, గంటసేపు ఆ తడినేల మీదే చతికిలబడి కూర్చుంది. నేను వెళ్లి రెక్క పట్టుకొని లాక్కొచ్చి వీపు మీద రెండు తగిలించాను. ఎందుకు కూర్చుందో అడగలేదు. అడిగి, దగ్గరికి తీసుకొని ఉండాల్సింది, ఇప్పుడు అనుకొని ఏం లాభం. ఆ రోజు నుంచే అది మా ఇద్దరితోనూ అవసరమైనంత వరకే మాట్లాడడం నేర్చుకుంది. పెళ్లిచూపులప్పుడు కూడా అబ్బాయి నచ్చాడా అంటే, "ఇల్లు చూశాను. మధ్యలో గోడల్లేవు" అంది. ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది, నేను మాత్రం విననట్టే సూదిలోకి దారం ఎక్కించుకున్నాను.

ఇప్పుడు మేస్త్రీ ఉలి సరిగ్గా నా భుజం ఎత్తున ఉంది. అక్కడ గోడ మీద అరచేయంత మేర నల్లగా జిడ్డు పట్టి ఉంటుంది. నేను గుద్దే చోటు. ఎన్నిసార్లు సున్నం వేసినా ఆర్నెల్లకి మళ్లీ పైకి తేలేది. ఒక్క వేటుకి ఆ ముక్క పెళ్లగా ఊడి నేల మీద పడింది, నా చెయ్యి ఎవరో పీకేసినట్టయింది. ఆయన కొట్టే దెబ్బల్ని బట్టి ఆయన్ని చదివేసేదాన్ని నేను. ఆఫీసులో చీవాట్లు తిన్న రోజు దెబ్బ ఠంగుమనేది. జలుబు చేస్తే మెత్తగా పడేది. రిటైరైన రోజు పొద్దున్నుంచీ అసలు దెబ్బే లేదు, మండుటెండల్లో. సాయంత్రానికి నేనే ఉండబట్టలేక, అడక్కుండానే ఫ్యాను వేశాను. వద్దని కూడా కొట్టలేదు. దాన్ని ప్రేమ అనకండి, నాకు ఒళ్లు మంట. ఆ మర్నాడే, బడి పిల్లల యూనిఫారాలు ముప్పై జతలు చీకటి పడేలోపు అప్పజెప్పాలని నేను చస్తుంటే, లైటు ఆపేసి బజారుకి పోయాడు. కావాలనే. నేను ఊరుకున్నానా? తిరిగొచ్చి చెమటలు కక్కుతూ ఎన్ని దెబ్బలు కొట్టినా లేవలేదు. ఎనిమిది కొట్టాడు. మంచం మీద వెల్లకిలా పడుకొని ఒక్కొక్కటే లెక్కపెట్టుకున్నాను. నిజం చెప్పొద్దూ, అంత హాయి నాకు ఇంకెందులోనూ దొరకలేదు. వయసులో ఉండగా అనుభవించాల్సినవన్నీ గోడకవతలే వదిలేసినదాన్ని. మిగిలింది ఇదొక్కటే, ఆయన అడగడం, నేను ఇవ్వకపోవడం.

గోడ నెత్తిన పెద్ద కంత పడింది. అందులోంచి ఎండ నా గడప దాకా వచ్చి పడింది. అటు కిటికీల ఎండ. నా గదిలో ఇన్ని సాలెగూళ్లున్నాయని ఇప్పుడే తెలిసింది. మిషను కింద దారం ముక్కలు, గుండుసూదులు, గుడ్డ పీలికలు అన్నీ బయటపడ్డాయి, ఎవరో చూస్తారన్నట్టు సిగ్గేసింది. కొంగుతో ముక్కు మూసుకొని చూస్తే, అటువైపు గోడలు లేతనీలం. ఇన్నేళ్లూ తెల్లరంగే అనుకున్నాను, ఎందుకనుకున్నానో. ఆ నీలం గోడ పక్కనుంచి అమ్మాయి గొంతు వినపడుతోంది, ఫోన్లో వాళ్లాయనతో. "రేపు సాయంత్రం బండెక్కుతా. సెలవు అయిపోయిందిగా. ఆ... ఏం పర్లేదు, అమ్మ ఉందిగా." అమ్మ ఉందిగా! మూడు వారాలు ఆస్పత్రిలో, పది రోజులు ఇంట్లో అదే చూసుకుంది. రేపట్నుంచి నేను. నోట్లో పెట్టాలి, ఒళ్లు తుడవాలి, రెండు గంటలకోసారి పక్క మార్చాలి. సందు చుట్టూ తిరిగి వెళ్లి చెయ్యడం అయ్యే పని కాదు, గోడ తీయించేద్దాం అంది. "నర్సుని పెట్టుకుందామే" అన్నాను. "దేనికి, నువ్వుండగా?" అంది. నాకు చాకిరీ అంటే భయం లేదు, పుట్టిందే చాకిరీ చెయ్యడానికి. నాకు ఆయన కళ్లంటే భయం. ఆస్పత్రిలో తలుపు అద్దంలోంచి చూశానే గానీ లోపలికి అడుగు పెట్టలేదు. ఇంటికొచ్చాక గిన్నె తీసుకెళ్లి వీధి మెట్ల కిందే, లోపలికి చూడకుండా, అమ్మాయి చేతికిచ్చి వచ్చేస్తున్నాను. ఇన్నేళ్ల పంతం కదా, ఇంకా వదల్లేదు అని నలుగురూ బుగ్గలు నొక్కుకున్నారు. నొక్కుకోనీ. ఆయన పడిపోయిన రోజు ఏం జరిగిందో ఇద్దరికే తెలుసు. అందులో ఒకరికి నోరు లేదు, రెండోదాన్ని నేను.

ఆ రోజు మధ్యాహ్నం రెండున్నర. ప్యాంట్లకి జిప్పులు వెయ్యాలి. గోడ మీద రెండు కొట్టాను. లైటు వెలగలేదు. మళ్లీ రెండు. వెలగలేదు. అటు ఏదో పడ్డ చప్పుడైంది, కుర్చీ లాంటిది. ఉన్నాడన్నమాట. ఇంట్లోనే ఉండి వెయ్యట్లేదు. అరికాలి మంట నెత్తికెక్కింది. అప్పుడు అటునుంచి ఒక దెబ్బ. ఒక్కటే, ఎక్కడో కింద, నేల దగ్గర. చూశారా ఈయన గారి పొగరు! నేను అడిగింది ఇవ్వడు గానీ తన పని మాత్రం నేను చెయ్యాలి. ఫ్యాను తిరుగుతూనే ఉంది, దాని కీచుచప్పుడు నాకు తెలుస్తూనే ఉంది. తిరిగే ఫ్యానుకి దెబ్బ కొడితే ఆపమని. ఆపాలా? ఆపుతా ఉండు అని ఆపేశాను. ఇంకో దెబ్బ. ఇప్పుడు వెయ్యాలేం? చచ్చినా వెయ్యను. ఇంకోటి. కాస్త ఆగి ఇంకోటి. అవి రోజూ పడే దెబ్బల్లా లేవని నాకు తెలీదా? ఏది కోపం దెబ్బో ఏది జలుబు దెబ్బో చెప్పగలిగినదాన్ని, ఇవి నేల మీంచి వస్తున్నాయనీ, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య ఎడం పెరుగుతోందనీ తెలీదా? తెలిసింది. మనసు కలుక్కుమంది కూడా. అప్పుడు లేచి నలభై మూడు అడుగులు వేసి ఉంటే సరిపోయేది. వెయ్యలేదు. వెళ్లేసరికి ఆయన నిక్షేపంలా కుర్చీలో కూర్చొని ఉంటే? గుమ్మంలో నన్ను చూసి, చివరికి వచ్చింది నువ్వే కదా అన్నట్టు నవ్వితే? ఆ నవ్వు నేను చూడలేను. ప్యాంట్లూ సూదీ దారం పట్టుకొని పెరట్లోకి పోయి కూర్చున్నాను. వెలుతురు కోసం వెళ్లానని అందరికీ చెప్పాను. దెబ్బలు వినపడకూడదని వెళ్లాను. ఏడున్నరకి హోటలు నుంచి ఆయనకి క్యారేజీ తెచ్చే మనిషి కిటికీలోంచి చూసి కేకలు పెట్టేదాకా అక్కడే ఉన్నాను. "రెండు మూడు గంటలు ముందు తెచ్చి ఉంటే మాటైనా మిగిలేదమ్మా" అన్నాడు డాక్టరు. "మీకేమీ వినపడలేదా?" అని కూడా అడిగాడు. పెరట్లో ఉన్నానండీ అన్నాను. అబద్ధం కాదు కదా.

గోడ నడుం ఎత్తుకి దిగింది. ఎర్ర దుమ్ము నా చేతుల మీద, జుట్టులో, నోట్లో. ఉమ్మితే ఎర్రగా వచ్చింది. పొద్దున లేచినప్పట్నుంచీ ఒకటే అనుకుంటున్నాను, అమ్మాయికి చెప్పేస్తానని. కడుపులో దాచుకోలేక అనుకునేరు, దాచుకోవడం నాకు వెన్నతో పెట్టిన విద్య. చెబితే అది నన్ను అసహ్యించుకుంటుంది. నన్ను ఆ మంచం దగ్గరికి రానివ్వదు. నర్సునైనా పెడుతుంది, తనతోనైనా తీసుకుపోతుంది. కన్నతండ్రి కదా, ఏ కూతురైనా అంతకన్నా ఏం చేస్తుంది? దాని అసహ్యం నేను భరించగలను, అలవాటే. రోజుకి పన్నెండుసార్లు ఆ కళ్ల ముందు నిలబడడం నా వల్ల కాదు. చూడండి నా తెలివి, తప్పు ఒప్పుకోవడంలో కూడా తప్పించుకునే దారే వెతుక్కున్నాను.

మోకాలి ఎత్తు మిగిలాక మేస్త్రీ టీ తాగొస్తానని వెళ్లాడు. అమ్మాయి ఆ మిగిలిన గోడ దాటి ఇటువైపు వచ్చి, చీపురు తీసుకొని ఇటుక ముక్కలు ఓ పక్కకి చిమ్మడం మొదలుపెట్టింది.

"అమ్మాయ్, ఒక మాట చెప్పాలే."

"చెప్పు."

"ఆ రోజు నేను విన్నాను. మీ నాన్న కొట్టడం విన్నాను. లైటు వెయ్యలేదన్న కోపంతో ఫ్యాను ఆపేశాను. తర్వాత కూడా కొట్టాడు. వినపడకుండా పెరట్లోకి పోయి కూర్చున్నాను."

చీపురు ఆగలేదు. "తెలుసు" అంది.

"ఏం తెలుసే నీకు?"

"ఆ రాత్రి కబురందుకొని నేను ఇంటికి వచ్చేసరికి ఆయన ఫ్యాను ఆగి ఉంది. కరెంటు ఉంది. నీ గదిలోకొచ్చి చూస్తే స్విచ్చి ఆపేసి ఉంది. నడి ఎండాకాలంలో నాన్న ఫ్యాను ఆపమంటాడా?" ఒక పెళ్లని కాలితో పక్కకి జరిపింది. "ఆస్పత్రిలో ఎడం చెయ్యి నేనే కడిగాను. నాలుగు వేళ్ల కణుపుల మీదా తోలు లేదు. రెండు మూడు దెబ్బలకి అలా అవదమ్మా."

"మరి నన్నెందుకు అడగలేదే?"

"అడిగితే, నేను పాపిష్టిదాన్ని, నన్ను ఆయన దగ్గర ఉంచకు అని తప్పుకునేదానివి. ఇప్పుడు చెబుతున్నది కూడా అందుకేగా?"

నా కడుపున పుట్టింది. నా తెలివే వచ్చింది. నా వేలు నా కంట్లోనే గుచ్చింది. "ఇంత తెలిసీ నన్ను నమ్మి ఎలా వదిలిపోతావే ఆయన్ని?" అన్నాను.

"నమ్మట్లేదు" అంది. చీపురు పక్కన పెట్టి, మొదటిసారి నా మొహంలోకి చూసింది. దాని కళ్లు ఎర్రగా ఉన్నాయి, దుమ్ముకో దేనికో. "నాకు ఉద్యోగం ఉంది, పసిపిల్ల ఉంది. నాకు వేరే దారి లేదు. నీకూ లేదు. చిన్నప్పుడంతా మీ ఇద్దరి మధ్యా నేనే తిరిగాను కదమ్మా. నా వంతు అయిపోయింది. ఇక నువ్వు ఎక్కడ కూర్చున్నా ఆయన చప్పుడు వినపడుతుంది, అందుకే గోడ తీయించాను." గోడ గడియారం వైపు చూసింది. "పదిన్నరైంది. పక్క మార్చాలి. రా, ఎలాగో చూపిస్తా."

చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకొని గోడ దాటాను. నీలం గది, కిటికీల దగ్గర ఎండ, టేబులు మీద మందులు వరసగా, పొడుగువి వెనకా పొట్టివి ముందూ. అమ్మాయి తడిగుడ్డ కాలితో జరిపి పడగ్గది తలుపు తీసింది. ఆయన కోపంగా చూస్తాడని, అసహ్యంగా చూస్తాడని, మొహం తిప్పుకుంటాడని, అన్నిటికీ సిద్ధపడే వెళ్లాను. అన్నిటికీ నా దగ్గర జవాబులున్నాయి, ఇరవై ఒక్కేళ్లుగా పోగేసినవి. మంచం మీద మనిషి సగమైపోయాడు. ఒక చెంప కిందికి జారి ఉంది. "ఒక చెయ్యి భుజం కింద, ఒకటి నడుం కింద పెట్టి, నీ వైపుకి తిప్పుకో. లాగకు" అంది అమ్మాయి. దగ్గరికి వెళ్లాను. ఆయన చూపు నా మొహం మీద లేదు, నా చేతుల మీద ఉంది. గొంతులోంచి ఏదో చిన్న మూలుగు వచ్చింది. "అమ్మే నాన్నా" అంది మా అమ్మాయి. నేను ఒంగాను. ఎటూ జరగలేని ఆ మనిషి, మిగిలిన ఆ ఒక్క చెయ్యీ లేపి, దెబ్బ కాచుకునేవాడిలా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.